వదిన పెంచిన బూజు

నేను జీవశాస్త్రం గురించి మామూలు జనం చదువుకునే పుస్తకాలు రాస్తుంటాను. ఎక్కడికైనా మాట్లాడటానికి పిలిస్తే చివర్లో ఒకాయన తప్పకుండా లేచి, గొంతు సవరించుకుని, "అసలు ప్రాణమంటే ఏమిటంటారు?" అని అడుగుతాడు. నాకు ఒళ్ళు మండుతుంది. ఆయనకు జవాబు అక్కర్లేదు, ఆ ప్రశ్న తన నోట్లోంచి వస్తే ఎలా ఉంటుందో వినాలని సరదా. అలాంటివాళ్ళందరినీ వరసగా మా వదిన పనిచేసే గదికి తీసుకెళ్ళి బంగాళాదుంపల చెక్కు తీయించాలని నాకు చాలాకాలం కోరికగా ఉండేది. ఇప్పుడు లేదు. ఆ గదిలో జరిగింది చూశాక ఎవరికీ ఏమీ నేర్పాలనిపించడం లేదు.

మా వదిన వంటమనిషి. నేను వెటకారానికి అంటున్న మాట కాదిది, ఆమే అలా చెప్పుకునేది. కాకపోతే ఆమె వండేది మనుషులకు కాదు, బూజులకు. మొక్కల జబ్బుల మీద పరిశోధన చేసే ఒక ప్రభుత్వ కేంద్రంలో, మెట్ల కింద పొడవాటి గది ఒకటి ఆమెకిచ్చారు. అక్కడ దుంపలు ముక్కలు కోసి ఉడికించి, ఆ నీళ్ళు పల్చటి గుడ్డలో వడకట్టి, చక్కెర వేసి, సముద్రపు నాచు నుంచి తీసే పొడి కలిపి కాచేది. వేడి మీద గంజిలా జారుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. దాన్ని గాజు గొట్టాల్లో పోసి, దూది బిరడాలు పెట్టి, ప్రెషర్ కుక్కరుకు పెద్దన్న లాంటి ఆటోక్లేవులో ఉడికించి, బయటకు తీసి ఒక కర్ర మీద వాల్చి ఆరబెట్టేది. అలా ఏటవాలుగా గడ్డకట్టిన తిండి మీద, పై అంతస్తు శాస్త్రవేత్తలు తమ తమ బూజులను పెంచుకునేవారు. ఆ వంట చెడితే వాళ్ళ నెలల పని చెడినట్టే. వదిన చేతి వంట చెడిందన్న మాట నేనెప్పుడూ వినలేదు.

గదినిండా ఉడికిన దుంపల వాసన, దాని మీద స్పిరిట్ వాసన. ఇంటికొచ్చాక కూడా ఆమె దగ్గర అదే వాసన వచ్చేది. గది చివర పాత ఫ్రిజ్ ఒకటి, దాని కింది అరలో ఒక డబ్బా. ఆ డబ్బాలో ఉన్న గొట్టాలు మాత్రం పై అంతస్తు వాళ్ళవి కావు. అవి మా అన్నయ్యవి.

మా అన్నయ్య కూడా ఒకప్పుడు ఆ కేంద్రంలోనే శాస్త్రవేత్త. ఒక నర్సరీలో వేరుకుళ్ళు తెగులు వచ్చి మొక్కలన్నీ వాడిపోయినప్పుడు, ఒక్క మూల మాత్రం కొన్ని మొక్కలు పచ్చగా నిలబడ్డాయట. అందరూ చచ్చిన మొక్కల్ని తవ్వి చూస్తుంటే మావాడు బతికిన మొక్కల కింద మట్టి తవ్వాడు. ఆ మట్టిలో దొరికింది ఈ బూజు. నెమ్మదిగా, ముతగ్గా పెరిగేది. అడుగున తిండిలోకి పసుపు రంగు దించేది. గాజు ప్లేటులో ఒక పక్క దీన్ని, ఇంకో పక్క వేరుకుళ్ళు తెచ్చే నల్ల బూజును పెడితే, నల్లది పాక్కుంటూ వచ్చి దీనికి కొంత దూరంలో ఆగిపోయేదట. రెండింటి మధ్యా ఏమీ మొలవని ఖాళీ గీత మిగిలేదట. పసుపు బూజు ఏదో విషం వదులుతోంది, అది నల్లదాన్ని ఆపుతోంది అని అన్నయ్య రాశాడు. ఆ గీత ఫోటోతో సహా పత్రికలో అచ్చయింది.

తర్వాత మరోచోట ఇంకొకరు అదే ప్రయోగం చేశారు. వాళ్ళకు గీత రాలేదు. అన్నయ్య పంపిన గొట్టం దారిలో ఎండకు మాడిపోయిందో, వాళ్ళు సరిగా పెంచలేదో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరూ అనుకోలేదు కూడా. అచ్చయినప్పుడు అన్నయ్యను నెత్తిన పెట్టుకున్న డైరెక్టరే విచారణకు కమిటీ వేశాడు. ఫోటో కూడా చేత్తో దిద్దిందే అన్నారు. అన్నయ్యను ప్రయోగశాల నుంచి తీసి స్టోర్సులో, గాజు సామాను లెక్కపెట్టే పనిలో కూర్చోబెట్టారు. ఆయన ఫ్రీజర్‌లో దాచిన గొట్టాలన్నీ చోటు కావాలని చెప్పి ఉడకబెట్టి పారేశారు. ఒక్కటి మాత్రం అన్నయ్య చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు.

ఆ సంగతి తెలిసి నేనుండే ఊరినుంచి పరిగెత్తుకుంటూ వెళ్ళాను. వెళ్ళేసరికి మొగుడూ పెళ్ళాలిద్దరూ వంటింట్లో ఉన్నారు. స్టవ్ వెలుగుతోంది. అన్నయ్య ఒక సూదిని మంటలో ఎర్రగా కాల్చి, వదిన చేతికిచ్చి, ప్లేటు మూత ఓరగా ఎత్తి చూపిస్తున్నాడు.

"ఇదిగో, మధ్యలో ఉన్నది ముసలిది. దాని జోలికి పోకు. అంచున ఉన్నది లేతది. ఎప్పుడూ అంచునుంచే తియ్యి. ఎక్కడ తెల్లగా, ఒత్తుగా, చురుగ్గా పాకుతోందో అక్కడ సూది పెట్టు. నీరసంగా ఉన్నదాన్ని అసలు ముట్టుకోకు."

"అంతేనా! బజార్లో కూరగాయలు ఏరుకోవడమేగా. దీనికా మీరు ఇన్నేళ్ళు చదివింది?" అంది వదిన.

ఆ వారంలో అన్నయ్య నవ్వడం అదే మొదటిసారి అని వదిన తర్వాత చెప్పింది. మళ్ళీ ఎక్కువ నవ్వలేదు కూడా. రోజూ స్టోర్సుకు వెళ్ళి బీకర్లు లెక్కపెట్టాడు, వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు, కొన్నాళ్ళకు పోయాడు. గుండెపోటు అని రాశారు. నన్నడిగితే అవమానం. డాక్టర్లు నింపే కాగితంలో ఆ మాటకు చోటుండదు.

అన్నయ్య పోయినందుకు ప్రభుత్వం వదినకు అదే కేంద్రంలో ఆ వంట పని ఇచ్చింది. మొగుణ్ణి దొంగ అన్న చోటికి రోజూ పొద్దున్నే వెళ్ళి, ఆ మాటన్నవాళ్ళ బూజులకే వండిపెట్టడం. నేనైతే ఆ ఉద్యోగాన్ని వాళ్ళ మొహాన కొట్టేవాణ్ణి. ఆ మాటే అన్నాను.

"కొట్టి ఎక్కడికెళ్ళనయ్యా? మన వంటింట్లో ఆటోక్లేవుందా, ఫ్రిజ్ ఉందా? మీ ఆయన గొట్టం ఇక్కడ ఉంచుకోవచ్చు, మాకేం పర్లేదు అన్నారు. అది చాలు నాకు" అంది వదిన.

వాళ్ళు ఉంచుకోనిచ్చింది దయతో కాదు, లెక్కలేనితనంతో. దానికి దొంగబూజు అని పేరు పెట్టారు. ఆమెకు బూజమ్మ అని పేరు పెట్టారు. ముందు చాటుగా, తర్వాత ఎదురుగానే పిలిచేవారు. "పిలవనీ, చివర్లో అమ్మ ఉందిగా" అని వదిన పలికేది.

వాళ్ళకు పిల్లలు లేరు కాబట్టి ఆ బూజును బిడ్డలా పెంచుకుంది అని ఎవరైనా చెబితే నమ్మకండి. మా వదిన అంత మెత్తటి మనిషి కాదు. బూజుతో మాట్లాడటాలు, దానికి ముద్దుపేర్లు పెట్టడాలు ఆమెకు గిట్టవు. అది ఆమెకు సాక్షి. "మనిషి పోయాడు, సాక్షి ఉన్నాడు. ఎప్పుడో ఒకరోజు బోనెక్కిస్తా" అనేది. ఆ గీత మళ్ళీ ఎవరికైనా కనిపిస్తే అన్నయ్య దొంగ కాదు. కనిపించాలంటే బూజు బతికుండాలి. ఆమె జీవితంలో మిగిలిన లెక్క అంతా ఇంతే. మిగతావన్నీ, తిండి, నిద్ర, చుట్టాలు, పంటినొప్పి, ఈ లెక్క చుట్టూ సర్దుకునేవి.

బూజును ఒకే గొట్టంలో ఉంచేస్తే తిండి అయిపోయి, ఎండిపోయి చస్తుంది. అందుకని కొన్నాళ్ళకోసారి ముందు ప్లేటులో పెంచి, అందులో బాగున్నచోటు నుంచి సూదిమొనతో కాస్త తీసి, కొత్త గొట్టాల్లో పెట్టాలి. వదిన ఆ పని ఒక్కసారి కూడా తప్పలేదు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా గోడ పట్టుకుని వెళ్ళి చేసొచ్చింది. కరెంటు పోయి ఫ్రిజ్ ఆగిపోతే గొట్టాల డబ్బాను తడిగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మా ఇంటికి వచ్చి నాలుగు రోజులుండమని ఎన్నిసార్లు పిలిచినా "నా బూజుకెవరు పెడతారు?" అనేది. కంటికి రెప్పలా చూసుకోవడం అంటే ఏమిటో నాకు ఆమెను చూశాకే తెలిసింది.

మధ్యలో ఎప్పుడైనా ఆ నల్ల బూజు పక్కన పెట్టి చూసుకోవచ్చుగా అని మీకు అనిపించొచ్చు. చూసుకోలేదు, చూసుకోనివ్వలేదు. జబ్బులు తెచ్చే బూజులు పై అంతస్తులో తాళం వేసిన గదిలో ఉంటాయి. వంటగది మనుషులు వాటిని ముట్టుకోకూడదు. ముట్టుకోగలిగిన శాస్త్రవేత్తలకు దొంగబూజును ముట్టుకునే ధైర్యం లేదు. తమ పేరు కూడా అన్నయ్య పేరు పక్కన చేరుతుందని భయం. అలా ఏళ్ళు గడిచాయి. డైరెక్టరు రిటైరయ్యాడు, తర్వాతి డైరెక్టరూ రిటైరయ్యాడు, వదిన తల నెరిసింది.

ఆ గొట్టాన్ని నేను ఒక పుస్తకంలో వాడుకున్నాను. ఈ బూజులో మా అన్నయ్య కళ్ళతో చూసిన ఒక్క కణం కూడా ఇప్పుడు లేదు, అవన్నీ ఎప్పుడో చచ్చాయి, వాటి పిల్లల పిల్లలూ చచ్చాయి, అయినా ఇది అదే బూజు, ఎందుకంటే ప్రాణమంటే ఒక పదార్థం కాదు, తెగకుండా సాగే ఒక పని అని రాశాను. చాలామందికి నచ్చింది. సభల్లో లేచే పెద్దమనుషులు ఆ వాక్యాన్నే నాకు తిరిగి అప్పజెప్పారు. వదిన కూడా అద్దాలు పెట్టుకుని చదివింది.

"బాగానే ఉంది. కానీ ఇంత సాగిందే, ఆ సాగిన గొట్టాలన్నీ ఎవరు తోమారో ఒక్క ముక్క రాయలేదే?" అంది.

అప్పుడే తన ప్లేటు ఒకటి తెచ్చి కిటికీ వెలుతురులో పెట్టి చూపించింది. "మొదట్లో ఎలా ఉండేదో నీకు గుర్తుందా? పసుపుపచ్చగా, ముతగ్గా, రోగిష్టి మనిషిలాగా. ఇప్పుడు చూడు, ఎంత రంగు తేలిందో! ఎన్నాళ్ళకో గానీ నిండని ప్లేటు ఇప్పుడు ఇట్టే నిండిపోతోంది." నిజంగానే దూదిలా తెల్లగా, ఒత్తుగా ఉంది. నీ చేతి చలవ వదినా అన్నాను. ఆమె మొహం వెలిగిపోయింది.

ఆ తర్వాత చాలా నర్సరీల్లో వేరుకుళ్ళు మళ్ళీ వచ్చింది. ఉన్న మందులు పనిచేయలేదు. ఆ సమయంలోనే కేంద్రానికి కొత్తగా ఒక ఆఫీసరమ్మ వచ్చింది. చిన్నవయసు, పాత గొడవలేవీ తెలియవు, తెలిసినా పట్టించుకునే రకం కాదు. పాత పత్రికలు తిరగేస్తూ అన్నయ్య రాసింది చదివి, తిన్నగా మెట్ల కింది గదికి దిగింది.

"అమ్మా, ఈ బూజు ఎక్కడైనా మిగిలుందేమో మిమ్మల్ని అడగమన్నారు పైనవాళ్ళు."

తర్వాత ఆ ఘట్టం వదిన నాకు ఎన్నిసార్లు చెప్పిందో! చేతిలో ఉన్న గరిటె గిన్నెలో వదిలేసిందట. కానీ గొట్టం అప్పటికప్పుడు ఇవ్వలేదు. "రెండు రోజులాగి రండి మేడమ్, తాజాది చేసిస్తాను" అంది. కొత్త ప్లేటులో, ఉన్నవాటిల్లోకెల్లా అందంగా పెరిగిన అంచు చూసి, సూదితో తీసి, కొత్త గొట్టంలో పెట్టి ఇచ్చింది. సాక్షిని కోర్టుకు పంపేముందు ఇస్త్రీ బట్టలు వేసినట్టు.

నాకు ఫోను చేసింది. "ఏమయ్యా రచయితా, బోనెక్కుతున్నాడు. నువ్వు రాకపోతే నీతో జన్మలో మాట్లాడను."

వెళ్ళాను. ప్లేట్లలో బూజు పెరిగేదాకా చేసేదేమీ ఉండదు, ఎదురుచూడటం తప్ప. ఆ రోజుల్లో వదిన వయసు సగానికి తగ్గింది. అన్నయ్య ఫోటో తీసి తుడిచింది. ఆఫీసరమ్మ కొత్తగా రాసేదాంట్లో అన్నయ్య పేరు ముందుంటుందా, వెనకుంటుందా అని అడిగింది. ఆయన్ను స్టోర్సులో కూర్చోబెట్టిన వాళ్ళలో ఎవరెవరు ఇంకా బతికున్నారో వాకబు చేసింది. "వాళ్ళు చదవాలి. కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చదవాలి" అంది. అంత ఆశను దగ్గరినుంచి చూస్తే నాకు భయమేసింది.

ఆఫీసరమ్మ ప్లేట్లు తానే మోసుకొచ్చింది. అటెండరుతో పంపలేదు. ఆమె మెట్లు దిగే తీరులోనే నాకు సంగతి తెలిసిపోయింది. వదినకు తెలియలేదు, చేతులు తుడుచుకుని, స్టూలు లాగి, కూర్చోండి మేడమ్ అంది.

ప్లేట్లు బల్ల మీద పరిచింది. గీత లేదు. ఏ ప్లేటులోనూ లేదు. నల్లది పాక్కుంటూ వచ్చి తెల్లదాన్ని కలిసింది. కలిసి ఆగలేదు, దాని మీదికెక్కి కూర్చుంది.

వదిన ఒక్కొక్క ప్లేటూ వెలుతురుకు ఎత్తి చూసింది. "మారిపోయాయేమో మేడమ్. వేరేవాళ్ళవి కలిసిపోయాయేమో."

"లేదమ్మా. మొత్తం నేనే చేశాను. మీ డబ్బాలో ఉన్న పాత గొట్టాల నుంచి కూడా తీసి చేశాను."

"మరి?"

ఆఫీసరమ్మ ప్లేట్లు పక్కకు జరిపి, "మీరు కొత్త గొట్టంలోకి ఎలా మారుస్తారో ఒకసారి చూపిస్తారా?" అని అడిగింది.

వదినకు అది గౌరవంగా తోచింది. దీపం వెలిగించింది, సూది కాల్చింది, చల్లారనిచ్చింది. ప్లేటు మూత ఓరగా ఎత్తి, చుట్టూ ఒకసారి చూసి, అన్నిటికంటే తెల్లగా, ఒత్తుగా పొంగుతున్న చోట సూది పెట్టింది. చూసి ముచ్చటపడాల్సిన పనితనం. ఆఫీసరమ్మ మొహం పాలిపోయింది. ఆ క్షణంలోనే నాకూ అర్థమైంది.

"ఎప్పుడూ ఇలాగే తీస్తారా?"

"ఎప్పుడూ ఇలాగే. నీరసంగా ఉన్నదాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు మేడమ్."

ఆ పిల్ల చాలా మెల్లగా చెప్పింది. ఆమె చెప్పిన తీరుకు నేను ఇప్పటికీ దండం పెడతాను. "అమ్మా, ఆ విషం తయారుచెయ్యాలంటే బూజుకు ఖర్చు. తిన్న తిండిలో కొంత దానికే పోతుంది. మట్టిలో అయితే ఆ ఖర్చు తప్పదు, చుట్టూ శత్రువులుంటారు. ఇక్కడ మీరు మంచి తిండి పెట్టారు, శత్రువును దగ్గరికి రానివ్వలేదు. ఎప్పుడో ఒకసారి పొరపాటున ఆ పని చేతకానిది ఒకటి పుడుతుంది. దానికి ఖర్చు లేదు కాబట్టి అది తొందరగా పెరుగుతుంది, తెల్లగా, బలంగా కనిపిస్తుంది. మీ సూది దాని మీద పడింది. ఆ తర్వాత ప్రతిసారీ దాని మీదే పడి ఉంటుంది. పని చేసేది నెమ్మదిగా, పచ్చగా పక్కన ఉండిపోయి, మీరు పారేసిన ప్లేట్లలో పోయి ఉంటుంది."

నేను పుస్తకాల్లో పేజీలకు పేజీలు రాశాను దీని గురించి. ప్రకృతి ఎంచుకుంటుంది, ఎంచుకున్నది మిగులుతుంది, దానికి కళ్ళూ లేవు, ఉద్దేశమూ లేదు అని. ఇక్కడ ఎంచుకున్న చేతికి కళ్ళున్నాయి, ప్రేమ ఉంది, ఒకే ఒక్క ఉద్దేశం ఉంది. అయినా జరిగింది అదే. తెగకుండా సాగిందని నేను మురిసిపోయిన ఆ పని నిజంగానే తెగకుండా సాగింది. బూజు బతకాలనుకుంది, బతికింది. మనకు కావలసిందేదో దాన్ని మోయాల్సిన అవసరం దానికి లేదు. ప్రాణం మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

వదిన సూది పట్టుకునే ఉంది. "అంటే... నా చేత్తో నేనే..." అని ఆగిపోయింది.

నేను ఉండబట్టలేకపోయాను. "అలాగని ఎందుకనుకోవాలి వదినా? అసలు మొదట్నుంచీ ఆ గుణం లేదేమో. అన్నయ్యే ఎక్కడో పొరబడ్డాడేమో."

వదిన నావైపు తిరిగింది. ఇన్నేళ్ళలో ఆమె నన్ను అలా చూడలేదు.

"ఊరంతా అన్నారు, పడ్డాను. నీ నోట్లోంచి వస్తుందనుకోలేదు. తమ్ముడివి నువ్వు." తర్వాత ఆఫీసరమ్మతో అంది, "మేడమ్, మీరు చెప్పిందే నిజం. నా వల్లే పోయింది. అదే రాయండి. ఆయన కనిపెట్టింది నిజమేననీ, ఈ బూజమ్మ చేతిలో పడి పాడైందనీ రాయండి. నేను ఒప్పుకుంటున్నాను. ఎక్కడ సంతకం పెట్టమన్నా పెడతాను."

"మీకు ఇలా అంచునుంచి తీయమని ఎవరు నేర్పారమ్మా?"

"ఎవరు నేర్పుతారు? నేనే చూసి చూసి పట్టుకున్నాను."

నేను నోరు తెరిచాను. ఆమె నావైపు చూడనైనా చూడలేదు. తెరిచిన నోరు మూసుకున్నాను.

ఆఫీసరమ్మ కళ్ళు దించుకుంది. "అమ్మా, నేను చూసింది మాత్రమే రాయగలను. ఈ బూజుకు ఆ గుణం లేదు, అంతవరకే. ముందు ఉండి తర్వాత పోయిందో, ముందునుంచే లేదో ఈ ప్లేట్లు చెప్పవు. మొదటి బూజు రవ్వంత ఎక్కడైనా దాచి ఉంటే పక్కపక్కన పెట్టి చూసేదాన్ని."

"దాచారు మేడమ్. వీళ్ళే ఉడకబెట్టి పారేశారు."

"తెలుసు."

"అది పచ్చగా ఉండేది. నేను చూశాను. నా కళ్ళతో చూశాను."

"పసుపు రంగు చాలా బూజులకు ఉంటుందమ్మా. రంగున్నంత మాత్రాన విషం ఉన్నట్టు కాదు."

"నా తప్పని నేను చెబుతున్నాను కదా!" వదిన గొంతు మొదటిసారి పెరిగింది. "తప్పు చేసినదాన్ని నేనే ఒప్పుకుంటుంటే ఇంకా ఏం కావాలి మీకు?"

దొంగ అన్నప్పుడు ఎవరూ రుజువు అడగలేదు. కాదనడానికి ఆమె తన తల ఇస్తానంటే మాత్రం చెల్లలేదు.

ఆ అమ్మాయి మంచిది. అంతటితో వదిలెయ్యలేదు. తెల్ల బూజును తెగులు పట్టిన మట్టిలో పెట్టి, శత్రువుల మధ్య వదిలి, పాత గుణం తిరిగొస్తుందేమోనని చాలాకాలం చూసింది. రాలేదు. మరిచిపోయిన పనైతే మళ్ళీ గుర్తురావచ్చు, ఆ పని చేసే అవయవమే పోతే రాదు, అలాంటిదే జరిగి ఉంటుంది అని నాకు చెప్పింది. వదినకు నేను చెప్పాను. ఊ అంది. చివరికి కేంద్రం తన నివేదిక వెలువరించింది. అందులో మా అన్నయ్య గురించి ఒకే వాక్యం. గతంలో ఈ బూజుకు ఉందని చెప్పిన గుణం పరీక్షలో కనబడలేదు. అబద్ధం ఒక్క అక్షరం లేదు అందులో. మళ్ళీ చంపారు.

ఆ తర్వాత నేను వెళ్ళేసరికి వదిన గదిలోనే ఉంది. ఫ్రిజ్ కింది అరలో డబ్బా లేదు. ఆటోక్లేవు అప్పటికే చల్లారింది. గొట్టాలన్నీ తొట్టిలో సబ్బు నీళ్ళలో మునిగి ఉన్నాయి, కరిగిన తిండి నీళ్ళమీద తేలుతోంది.

"అన్నీనా?" అన్నాను.

"అన్నీ."

"ఒక్కటైనా ఉంచుకోవాల్సింది వదినా. ఇన్నేళ్ళు పెంచావు."

"దేన్ని? అది మీ అన్నయ్యది కాదు. ఎవడో. ఎవడో వచ్చి ఇంట్లో కూర్చుంటే, మనవాడే అనుకుని నా ఆయుష్షంతా వాణ్ణి మేపాను."

నీ పుస్తకంలో అదే బూజు అని రాశావే అని ఆమె అనలేదు. అంటుందేమోనని నేను కాచుకుని ఉన్నాను. బ్రష్షు తీసుకుని గొట్టాలు తోమడం మొదలుపెట్టింది. నేను స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాను. పైనుంచి ఒకతను తొంగిచూసి, రేపటికి ప్లేట్లు కావాలి బూజమ్మా అని అరిచాడు. సరేనంది. దుంపలు తెప్పించాలి, ఉన్నవి మొలకలొచ్చాయి అని తనలో తను అనుకుంది.

గొట్టాలు ఒక్కొక్కటే తోమింది. తర్వాత తల ఎత్తకుండానే అడిగింది.

"ఆ గీత ఉండేదన్నారు చూడు, మధ్యలో ఖాళీగా. ఆ ప్లేటు మీ అన్నయ్య నాకెప్పుడూ చూపించలేదు. ఆఫీసులో ఉండేదిగా. ఇంటికొచ్చి నోటితో చెప్పేవారు. నేను ఫోటో చూశానంతే." బ్రష్షు ఆగింది. "నీకు చూపించారా?"

అన్నయ్య పోయిన రోజున కూడా ఆమె అడగని ప్రశ్న అది. ఊరంతా అన్నప్పుడు ఆమెకు రాని ప్రశ్న.

"చూపించాడు వదినా" అన్నాను. "నా కళ్ళారా చూశాను. వేలెడు వెడల్పున, శుభ్రంగా, తుడిచినట్టు ఉంది. నల్లది దగ్గరికి రాలేకపోయింది."

వదిన తల ఊపింది. గొట్టాన్ని కుళాయి కింద పెట్టి కడిగి, వెలుతురుకు ఎత్తి మరక ఉందేమో చూసి, తలకిందులుగా బుట్టలో నిలబెట్టింది.

"ఆయన ఆ ప్లేట్లు పెట్టిన ఏడాదంతా నువ్వు ఊళ్ళో లేవు కదయ్యా" అంది. గొంతులో కోపం లేదు. తొట్టిలో చెయ్యి పెట్టి ఇంకో గొట్టం తీసుకుంది.